గుహ మొగలో మనిషి

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా చుట్టాలబ్బాయి ఒకడు బొర్రా గుహల్లో తీసుకున్న వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద "భయాన్ని జయించాలంటే భయంలోకే దూకాలి" అని రాశాడు. వాడు నిలబడ్డ చోటు చూస్తే ఒక పెద్ద కల్యాణ మండపం అంత ఉంది, పైన ఎర్రవీ పచ్చవీ లైట్లు, వెనకాల ఎవరి పిల్లలో చిప్స్ ప్యాకెట్ కోసం కొట్టుకుంటున్నారు. నాకు తిక్క రేగింది. పెద్ద జవాబు టైపు చేశాను గానీ వాడు మా అప్ప (అక్క) తోటికోడలి కొడుకు, ఆవిడకి మాట వస్తుందని పంపకుండా తీసేశాను. ఆ తీసేసిందే ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగ్గా.

ముందే చెప్పేస్తాను, నాకు మూసుకుపోయిన చోట్లంటే భయం. ఎప్పటి నుంచో కూడా తెలుసు. మా తాతగారి ఊరు ఆమదాలవలస దగ్గర. ఆ ఇంట్లో ధాన్యం పోసే గాదె ఉండేది, పైన చదరంగా ఒక నోరు, దాని మీద చెక్క మూత. కొత్త ధాన్యం రాకముందు అది ఖాళీగా ఉండేది. దాగుడుమూతల్లో నేను దాని లోపలికి దిగాను, అప్పుడు నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు. ఎవరూ కనిపెట్టకూడదని మా పెద్దనాన్న కొడుకుని మూత పెట్టమన్నదీ నేనే. వాడు పెట్టాడు. పెట్టాక వీధిలో ఐసుబండి గంట వినపడింది, వాడు వెళ్ళిపోయాడు. ఎంతసేపు ఉన్నానో తెలీదు. ఇంట్లోవాళ్ళు పది నిమిషాలంటారు, నాకు మాత్రం ఒక పూట. ఊక ధూళి గొంతులోకి పోవడం, నా అరుపు నా చెవుల్లోనే తిరగడం, చేత్తో పైన తడిమితే మూత అందకపోవడం, ఇవి గుర్తున్నాయి. చీకటి మాత్రం అంత గుర్తు లేదు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇక బొర్రా. విజయనగరం వాళ్ళకి బొర్రా పక్కింటి లాంటిది. పొద్దున్నే ఎస్.కోట వెళ్ళి కిరండోల్ ప్యాసింజర్ ఎక్కితే, బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది, అక్కణ్ణుంచి సొరంగం తర్వాత సొరంగం. జపాన్‌కి ఇనప రాయి పంపడానికి 1960లలో వేసిన లైను అది. రైలు సొరంగంలోకి దూరగానే పెట్టె మొత్తం "ఓ..." అని అరుస్తుంది, చిన్నా పెద్దా తేడా లేదు. నేనూ అరుస్తాను. నాకు అక్కడ భయం వేయదు, ఎందుకంటే రైలు ఆగదని నాకు నమ్మకం. ఒకసారి సిగ్నల్ కోసం సొరంగం మధ్యలో ఆగింది. అరుపులు ఒక్కొక్కటే తగ్గిపోయి, రెండు నిమిషాలకి పెట్టెలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అదే సొరంగం, అదే చీకటి. మారిందల్లా బయటికి ఎప్పుడు వెళ్తామో తెలియకపోవడం.

బొర్రాలోనూ నాకు భయం వేయలేదు. దాదాపు 80 మీటర్ల లోతు దాకా దిగుతుంది, పైనుంచి సున్నపురాయి వేళ్ళలా దిగి ఉంటుంది, గబ్బిలాల వాసన, గోస్తనీ నది చప్పుడు. అయినా పైకప్పు ఎంత ఎత్తుంటుందంటే, గుహ అనిపించదు, రాత్రిపూట గుడి ప్రాంగణం అనిపిస్తుంది. (ఇదొకటి. చాలాచోట్ల 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దొర ఒకాయన బొర్రాని కనిపెట్టాడని రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. పైగా ఆవు పడిపోతే వెతుక్కుంటూ దిగిన కాపరి కథ చెప్పుకునే గిరిజనులకి ఆ గుహ ఎవరూ కనిపెట్టక్కర్లేదు.) అందుకే బొర్రా చూసొచ్చి "నాకు భయం లేదు" అనేవాళ్ళని చూస్తే, మోకాల్లోతు సముద్రంలో నిలబడి ఈత వచ్చిందన్నట్టు ఉంటుంది.

బెలూం గుహలు వేరు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నంద్యాల దిగి, యాగంటి, అహోబిలం చూసుకుని చివరి రోజు బెలూం వెళ్ళాం. మేం ఆరుగురం, మా ఆయన తరఫు వాళ్ళు. బిలం అన్న మాట నుంచే బెలూం అయిందంటారు, దిగితే ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది. పొలాల మధ్య బావిలాంటి గొయ్యి, అందులోకి మెట్లు, మెట్లు దిగాక ఇక బయటి వెలుతురు మర్చిపోవాల్సిందే. మొత్తం 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మన లాంటివాళ్ళ కోసం తెరిచారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాసిపెట్టినా, పాక్కుంటూ పోయి కొలిచింది 1982–83లో జర్మనీకి చెందిన హెర్బర్ట్ డానియల్ గెబౌర్ జట్టు. జనానికి తెరిచింది 2002లో. ఇప్పుడు లైట్లున్నాయి, పైనుంచి గాలి పంపే గొట్టాలున్నాయి. అయినా లోపల ఉక్క. చలికాలంలో కూడా చొక్కాలు తడిసిపోతాయి. బొర్రా చల్లగా ఉంటుంది కదా అని శాలువా తెచ్చుకున్న మా అత్తగారు దాన్ని నడుముకి చుట్టుకుని నడిచారు.

కొన్నిచోట్ల దారి రెండు భుజాలంత ఉంటుంది. పైకప్పు కిందకి వస్తుంది, నడుం వంచాలి. ఆదివారం కావడంతో మా వెనక ఒక కాలేజీ బస్సు దిగింది. వంగి నడుస్తుండగా ముందున్న పెద్దాయన ఎవరో ఆయాసం వచ్చి ఆగారు. ఆగితే లైను ఆగింది. వెనక పిల్లలకి ఎందుకు ఆగిందో తెలీదు, ఈలలు, తోపులు. నేను మధ్యలో. ముందు ఒక వీపు, వెనక ఒక ఊపిరి, తల పైన రాయి. ఒక్కసారిగా నా చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. గాలి పీలుస్తున్నాను గానీ అది లోపలికి చేరుతున్నట్టు లేదు. "నేను వెనక్కి వెళ్ళిపోతాను" అన్నాను. మా ఆయన "ఏటవదు, ఇంత దూరం వచ్చి, ఇంకొంచెమే, పద" అన్నాడు. ఆయన మంచివాడే, కానీ ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించింది. ఎవరో నవ్వారు. మా ఆడపడుచు "వదినా, దేవుణ్ణి తలుచుకో" అంది. తలుచుకున్నాను, దేవుడికి కూడా ఆ సందులో ఊపిరాడనట్టే ఉంది.

అప్పుడు గైడు అరిచాడు. "ఎవరూ కదలొద్దప్పా, అందరూ ఎడంచేతి గోడకి ఆనుకోండి, ఈ అమ్మకి దారియ్యండి." మా వైపు అప్ప అంటే అక్క, ఆ సీమ యాసలో అందరినీ అప్పా అంటుంటే ఇంకో వేళైతే నవ్వొచ్చేది. అందరూ గోడకి జరిగారు. నా వెనక, ఇందాకటి దాకా మనుషులతో బిగుసుకున్న దారిలో, ఒక మనిషి పట్టే ఖాళీ కనపడింది, దాని చివర ఒక లైటు. నేను ఒక్క అడుగు కూడా వేయకుండానే భయం సగం దిగిపోయింది.

ఈ మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. నేను కదల్లేదు. పైకప్పు లేవలేదు. గాలి కొత్తగా ఏం రాలేదు. వెనక్కి దారి ఉందని తెలిసింది, అంతే. ఆ తర్వాత గాలిగొట్టం కింద పది నిమిషాలు కూర్చున్నాను. గైడు నా పక్కనే గొంతుక్కూర్చుని "ఎప్పుడు పోదామన్నా పోదాం, బయటి దాకా నేనొస్తా" అన్నాడు. భయపడకు అని ఒక్కసారి కూడా అనలేదు. కాసేపటికి నేనే లేచి లోపల కోటిలింగాలు అనే చోటు దాకా నడిచాను. గుహ అట్టడుగున నీళ్ళుండే పాతాళగంగ మాత్రం చూళ్ళేదు. అది నేలమట్టానికి 46 మీటర్ల కింద ఉంటుందట. మావాళ్ళు ఫోటో చూపించారు, చాలు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు ఇదే చదివాను. మన ఊపిరికి ఒక విచిత్రం ఉంది. ఒంట్లో ఆక్సిజన్ కొంచెం తగ్గినా మనకి చప్పున తెలియదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మాత్రం వెంటనే తెలుస్తుంది. ఉక్కిరిబిక్కిరి అన్న బాధ దాదాపు అంతా దానిదే. బయటి గాలిలో అది 0.04 శాతం ఉంటే, మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం ఉంటుంది. ఇరుకులో ముప్పైమంది నిలబడి వదిలితే ఏమవుతుందో ఎవరికైనా అర్థమవుతుంది.

దీని మీద 2013లో అచ్చయిన ఒక పరిశోధన నన్ను పట్టేసింది. అమెరికాలో ఎస్.ఎం. అనే అక్షరాలతో పిలిచే ఒక మహిళ ఉంది. మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగం ఆమెకి ఒక అరుదైన జబ్బు వల్ల పాడైపోయింది. పాముల్ని చూపించినా, భూతాల బంగళాకి తీసుకెళ్ళినా ఆమెకి భయం వేయలేదు. అలాంటి ఆమెకి, అదే జబ్బున్న ఇంకో ఇద్దరికి, 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఒక్క ఊపిరి పీల్పించారు. ముగ్గురూ హడలిపోయారు. అంటే పాముకి లేని భయం, దెయ్యానికి లేని భయం, ఊపిరికి ఉంది. "అదంతా మనసులో ఉంది, మనసు గట్టి చేసుకో" అనే పెద్దలందరికీ ఈ ముగ్గురి సంగతి ప్రింటు తీసి ఇవ్వాలని ఉంది.

నిజాయితీగా ఇంకో సగం కూడా చెప్పాలి. బెలూంలో ఆ రోజు నాకు గాలి నిజంగా చాల్లేదా? చాలే ఉంటుంది. మా అత్తగారికి డెబ్బై ఏళ్ళు, ఆవిడ హాయిగా శాలువా సర్దుకుంటూ నిలబడ్డారు కదా. ఏం జరిగిందంటే, నేను భయంతో వేగంగా పీల్చి వేగంగా వదిలాను, అలా చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సినదాని కంటే తగ్గిపోతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, అది చూసి ఇంకా భయపడతాం, ఇంకా వేగంగా పీలుస్తాం. మొదట ఒళ్ళు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, తర్వాత చెప్పింది అబద్ధం. కానీ ఆ సందులో నిలబడి ఏది నిజం ఏది అబద్ధమో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు. నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదలమని చెప్పేవాడు పక్కన ఉండాలి. వాడి మీద నమ్మకం ఉండాలి.

మూసుకుపోయిన చోట్లంటే వేసే ఈ భయానికి క్లాస్ట్రోఫోబియా అనే పేరు 1879లో పారిస్‌లో బెంజమిన్ బాల్ అనే వైద్యుడు పెట్టాడు. మనకి దానికి సరైన పేరు లేదు, "గాభరా", "ఊపిరాడతం లేదు" అంటాం. ఆలోచిస్తే మన మాటే నయం. మానసిక వైద్యులు కూడా దీన్ని ఇప్పుడు రెండుగా విడదీసి చూస్తున్నారు, ఊపిరాడదనే భయం ఒకటి, కదల్లేననే భయం ఒకటి. నాది రెండోది ఎక్కువ. గాదెలో చీకటి గుర్తు లేక మూత అందకపోవడం గుర్తుండటానికి కారణం అదేనేమో.

రెండేళ్ళ క్రితం నడుంనొప్పికి ఎం.ఆర్.ఐ. తీయించుకోమన్నారు. విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఆ గొట్టం వెడల్పు అరవై, డెబ్బై సెంటీమీటర్లు ఉంటుంది, అంటే మన మోచేతులు రెండు పక్కలా తగులుతాయి. అక్కడి కుర్రాడు "ఇరవై నిమిషాలు కదలకండమ్మా" అని చెప్పి, బల్లని లోపలికి తోసి, తలుపేసుకుని వెళ్ళాడు. మూడో నిమిషానికి నేను అరుస్తున్నాను. ఆ మిషను మోతలో ఎవరికి వినిపిస్తుంది? కాళ్ళు కొట్టుకుంటుంటే చూసి బయటికి తీశారు. తిట్లు కూడా తిన్నాను, స్కాను పాడయిందని. వారం తర్వాత ఇంకోచోటికి వెళ్తే, అక్కడి అమ్మాయి నా చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టింది. "ఇది నొక్కితే నాకు గంట మోగుతుంది, వెంటనే బయటికి లాగేస్తాను. కావాలంటే ఇప్పుడు ఒకసారి నొక్కి చూడండి." నొక్కాను, మోగింది. లోపలికి వెళ్ళాక మాత్రం ఒక్కసారి కూడా నొక్కలేదు. పాతిక నిమిషాలు ఆ బంతిని పట్టుకుని పడుకున్నాను. గొట్టం అదే సైజు, మోత అదే మోత.

ఇదే సంగతి మా బావతో అంటే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. బావది సోంపేట వైపు, మా అప్ప భర్త. మా జిల్లాల నుంచి గల్ఫ్‌కి, షిప్‌యార్డులకి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా పోయినవాళ్ళు ఊరికి ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. ఆయన పన్నెండేళ్ళు రిఫైనరీల్లో ట్యాంకుల లోపల వెల్డింగ్ చేశాడు. మనిషి దూరేంత కంత, దాన్ని మ్యాన్‌హోల్ అంటారు, అందులోంచి లోపలికి దిగాలి. ఎండాకాలం ఆ ఇనుము ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ దిగేముందు ఒక తంతు ఉంటుంది. మొదట గ్యాస్ టెస్టు, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే ఎవరినీ దించరు. తర్వాత పర్మిట్. తర్వాత బయట బోర్డుకి ఎవరి బిళ్ళ వాళ్ళు తగిలించాలి, లోపల ఎంతమంది ఉన్నారో ఆ బిళ్ళలు చెప్తాయి. అన్నిటికంటే ముఖ్యం, హోల్ వాచ్. కంత దగ్గర ఒక మనిషి కూర్చుంటాడు. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు. టీకి వెళ్ళకూడదు, పక్కవాడికి స్పానరు అందించకూడదు. లోపల ఉన్నవాళ్ళని పిలుస్తూ, పలుకుతూ ఉండటమే పని. లోపలివాడు పడిపోతే తను దూకకూడదు, మనుషుల్ని పిలవాలి. దూకి ఇద్దరూ పోయిన కేసులు ఉన్నాయి కాబట్టి ఆ రూలు.

"నీకెప్పుడూ భయం వెయ్యలేదా బావా?" అని అడిగాను.

"నాకేటి భయం నేదా? మొదట్రోజు కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినాయి. భయం నేదన్నోడి పక్కన నేను దిగను మరదలా. ఆడు గ్యాస్ మీటరు చూడడు."

అప్పటి నుంచి నాకు ఏ గుహ కథ విన్నా హోల్ వాచ్ ఎవరా అని చూడటం అలవాటైంది. వాలి సుగ్రీవుల కథే తీసుకోండి. మాయావి అనే రాక్షసుణ్ణి తరుముకుంటూ వాలి బిలంలోకి దూరాడు, తమ్ముణ్ణి మొగలో ఉండమన్నాడు. ఏడాది గడిచింది. లోపల్నుంచి నురగతో నెత్తురు వచ్చింది, రాక్షసుల అరుపులు వినపడ్డాయి, అన్న గొంతు వినపడలేదు. సుగ్రీవుడు అన్న చచ్చాడనుకుని, రాక్షసుడు బయటికి రాకూడదని, కొండంత బండతో మొగ మూసేసి కిష్కింధకి వెళ్ళిపోయాడు. చిన్నప్పటి నుంచి హరికథల్లో సుగ్రీవుడి తరఫునే విన్నాం, పాపం అపార్థం అని. నేను మాత్రం వాలి వైపు నిలబడతాను, కనీసం ఆ ఒక్క ఘట్టంలో. రాక్షసుణ్ణి చంపి, నెత్తుటి చేతులతో వెలుతురు కోసం నడిచొచ్చి చూస్తే బండ. పిలిస్తే పలకలేదు. గాదెలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ కోపం. పదవి కోసం, పెళ్ళాం కోసం అన్నదమ్ములు కొట్టుకున్నారని చెప్తారు గానీ, గొడవ మొదలైంది మాత్రం మొగ దగ్గర.

స్వయంప్రభ కథ దీనికి ఎదురు. సీతని వెతుకుతూ హనుమంతుడూ అంగదుడూ మిగతా వానరులూ దాహంతో ఒక బిలంలోకి దూరారు. చీకట్లో ఒకరినొకరు పట్టుకుని నడిచారు. లోపల బంగారు చెట్లు, భోజనం అన్నీ దొరికాయి. కానీ బయటికి రావడం వాళ్ళవల్ల కాలేదు, హనుమంతుడంతటి వాడివల్ల కూడా. అప్పుడు ఆ బిలంలో ఉండే తపస్విని స్వయంప్రభ "కళ్ళు మూసుకోండి" అంది. వేళ్ళతో కళ్ళు మూసుకున్నారు, తెరిచేసరికి బయట ఉన్నారు.

2018లో థాయ్‌లాండ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. జూన్ 23న పన్నెండుమంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ళ కోచ్ థామ్ లువాంగ్ గుహలోకి వెళ్ళారు, వాన పడి దారి నీళ్ళతో మూసుకుపోయింది. తొమ్మిది రోజులు గడిచాక, జూలై 2న, ఇద్దరు బ్రిటిష్ డైవర్లు, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్, వాళ్ళని కనుక్కున్నారు. కనుక్కోవడం ఒకెత్తు, తీసుకురావడం ఇంకొకెత్తు. బురదనీళ్ళలో, చెయ్యి పెడితే చెయ్యి కనపడని ఇరుకు దారుల్లో, డైవింగ్ ఎప్పుడూ చేయని పిల్లల్ని ఎలా తేవాలి? దారిలో ఒక్క పిల్లవాడు హడలి మాస్కు లాగేసుకుంటే వాడూ పోతాడు, తెచ్చేవాడూ పోవచ్చు. ఆ లోపలే సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ సమన్ కునాన్ అనే థాయ్ డైవర్ చనిపోయాడు కూడా. అందుకని ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మత్తుడాక్టరు రిచర్డ్ హారిస్ పిల్లలందరికీ మత్తిచ్చి నిద్రపుచ్చాడు, చేతులు కట్టేసి, మూట తెచ్చినట్టు తెచ్చారు. పదమూడుమందీ బతికారు.

భయంలోకి దూకమనే వాళ్ళు ఇది చదవాలి. ప్రపంచంలోకెల్లా గొప్ప గుహ డైవర్లు, ప్రాణాలు పోయే చోట, ఆ పిల్లలకి "ధైర్యంగా ఉండండి" అని చెప్పి ఊరుకోలేదు. భయం అంత బలమైనదని ఒప్పుకుని, దానికి మందు ఇచ్చారు.

సిల్క్యారా కూడా గుర్తుండే ఉంటుంది. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లో సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు, 17 రోజులు. వాళ్ళ దగ్గర ఇంచుమించు రెండు కిలోమీటర్ల ఖాళీ సొరంగం ఉంది, లోపల నడిచేవారట. సన్న గొట్టంలోంచి మరమరాలు, మందులు, ఇంట్లోవాళ్ళ గొంతులు వెళ్ళేవి. పెద్ద పెద్ద మిషన్లు విరిగిపోయాక చివరి పది పన్నెండు మీటర్లు తవ్వింది ర్యాట్‌హోల్ మైనర్లు, అంటే ఎలుక బొరియల్లాంటి దారులు తవ్వేవాళ్ళు, ఎనభై సెంటీమీటర్ల గొట్టంలో పడుకుని, చేతులతో. టీవీలో ఆ గొట్టం చూపిస్తుంటే నేను ఛానల్ మార్చేశాను, మళ్ళీ పెట్టాను. లోపలున్న 41 మంది పిచ్చెక్కకుండా ఉన్నారంటే వాళ్ళు వీరులు అని అందరూ అన్నారు. వీరులే. కానీ ఆ సన్న గొట్టం లేకుండా, అవతల పలికే గొంతు లేకుండా 17 రోజులు ఎలా ఉండేవో ఆలోచించండి.

మొగలో జనం ఉంటే చాలదు, అదీ చెప్పాలి. 1925లో అమెరికాలో ఫ్లాయిడ్ కాలిన్స్ అనే ఆయన కొత్త గుహ వెతుకుతూ ఒంటరిగా వెళ్ళి, పాదం మీద రాయి పడి ఇరుక్కుపోయాడు. వార్త పాకి మొగ దగ్గర వేలమంది చేరారు, తినుబండారాల కొట్లు వెలిశాయి, తిరనాళ్ళలా. లోపలి దారి కూలిపోయి, ఆయన దగ్గరికి మళ్ళీ చేరేసరికి చనిపోయి ఉన్నాడు. వేలమందిలో ఒక్కడు ఆయన లోపలికి దిగిన రోజున మొగ దగ్గర ఉండుంటే అనిపిస్తుంది. గుహల్లో తిరగడమే వ్యసనంగా ఉన్నవాళ్ళు పెట్టుకున్న రూల్స్ చూస్తే అన్నీ ఇలాంటివే. ఒంటరిగా వెళ్ళొద్దు, మనిషికి మూడు లైట్లు, ఎన్ని గంటలకి బయటికొస్తామో బయట ఒకరికి చెప్పి వెళ్ళు, ఆ టైము దాటితే వాళ్ళు వెతకడం మొదలెట్టాలి.

"మరి భయం ఉంటే ఇంట్లో కూర్చోవాలా?" అని మా ఆయన అడుగుతాడు, ఇది చదివితే ఇప్పుడూ అడుగుతాడు. అక్కర్లేదు. భయం పోవడానికి వైద్యులు చేసేది కూడా కొంచెం కొంచెంగా అలవాటు చేయడమే, నేను కాదనను. కానీ అక్కడ ఆపమంటే ఆపేస్తారు. మన వైపు ట్రిప్పుల్లో జరిగేది వేరు. భయపడ్డవాణ్ణి మధ్యలో పెట్టి, ముందొకడు లాగి, వెనకొకడు తోసి, బయటికొచ్చాక "చూశావా, ఏటైంది?" అంటారు. ఏమైందంటే, ఇంకోసారి వాడు ఏ గుహకీ రాడు, పైగా పదేళ్ళు అబద్ధాలు చెప్తాడు, మోకాలు నొప్పి అనో, ఆఫీసు ఉందనో. నేను అలాంటి అబద్ధాలు చాలా చెప్పాను. తిరిగి వెళ్ళే హక్కు ముందే ఇచ్చిన మనిషి ఎక్కువ దూరం వెళ్తాడు, నా అనుభవంలో.

పోయిన కార్తీకంలో రామతీర్థం వెళ్ళాం, మా ఊరికి దగ్గరే. అక్కడి కొండల మీద బౌద్ధుల ఆనవాళ్ళున్నాయి, జైనులవీ ఉన్నాయి. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఉంది, అంటే వెయ్యేళ్ళ నాడే అక్కడ మునులున్నారు. ఇలా రాతికింద ఉండే గుహల్లో నేను గమనించింది ఒకటే, ఎక్కడ కూర్చున్నా మొగ కనిపిస్తుంది. ఎండ, చెట్టు, కింద పొలం కనిపిస్తాయి. అన్నీ వదులుకున్నవాళ్ళు కూడా మొగ వదులుకోలేదు. నేను అక్కడ గంటసేపు కూర్చున్నాను, మా అమ్మాయి ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేదాకా.

ఈ మధ్య మా బావ, అప్ప విజయనగరంలో మేముండే అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. మాది నాలుగో అంతస్తు. అప్ప సామాన్లతో లిఫ్టులో వచ్చేసింది, బావ ఎంతకీ రాలేదు. చూస్తే మూడో అంతస్తు మెట్ల మీద ఆగి రొప్పుతున్నాడు, చేతిలో పనసపండు.

"పన్నెండేళ్ళు ట్యాంకుల్లో దూరినావు, లిఫ్ట్ ఎక్కలేవా బావా?" అన్నాను.

"దానికి హోల్ వాచ్ ఎవడున్నాడు?" అన్నాడు.

పనసపండు నేను అందుకున్నాను. మిగతా మెట్లు ఇద్దరం కలిసే ఎక్కాం.